ఈగ గుట్టు విప్పిన దంపతులు: డేవిడ్ బ్రూస్ జీవితం

1931 నవంబరు 27న లండన్‌లో మేరీ ఎలిజబెత్ బ్రూస్ అంత్యక్రియలు జరుగుతున్న వేళ ఆమె భర్త సర్ డేవిడ్ బ్రూస్ కన్నుమూశారు. ఆమె మరణించి అప్పటికి నాలుగు రోజులు. ఆయన వయస్సు 76. వైద్యశాస్త్రంలో బ్రూస్ పేరు రెండు చోట్ల నిలిచిపోయింది. పచ్చిపాల ద్వారా మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్ జ్వరం ఒకటి. ఆఫ్రికాలో ఈగకాటుతో మందలకు మందలను నేలకూల్చిన ట్రిపనోసోమా బ్రూసీ అనే పరాన్నజీవి మరొకటి.

బ్రూస్ 1855 మే 29న మెల్‌బోర్న్‌లో జన్మించారు. తల్లిదండ్రులు బంగారు గనుల ఆకర్షణతో ఆస్ట్రేలియాకు వలస వెళ్లిన స్కాట్లాండ్ వారు. ఆయనకు ఐదేళ్ల వయస్సులో కుటుంబం స్వదేశానికి తిరిగివచ్చింది. పద్నాలుగేళ్లకే బడి మాని మాంచెస్టర్‌లోని ఒక గిడ్డంగిలో పనికి కుదిరారు. క్రీడాకారుడు కావాలన్న కోరిక పదిహేడవ ఏట వచ్చిన న్యుమోనియాతో అడుగంటింది. తరువాత ఎడిన్‌బరోలో జంతుశాస్త్రంతో చదువు ఆరంభించి వైద్యానికి మారి, 1881లో పట్టా పొందారు. 1883లో ఒక వైద్యుని కుమార్తె మేరీ స్టీల్‌ను వివాహమాడి సైనిక వైద్య విభాగంలో చేరారు. తొలి నియామకం మాల్టా. అక్కడ సైనికులను నెలల తరబడి మంచాన పడవేస్తున్న జ్వరానికి కారణమైన సూక్ష్మజీవిని మృతుల ప్లీహంలో గుర్తించారు. అది మేకపాల ద్వారా వస్తున్నదని తేలడానికి 1905 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఘనత మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమిత్‌ది.

1894లో బ్రూస్ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు బదిలీ అయ్యారు. జులూలాండ్‌లో ఎడ్లు, గుర్రాలు నగానా అనే రోగంతో చిక్కి శల్యమై చనిపోతున్నాయి. నగానా అన్నది జులూ మాట. కుంగిపోవడం, నీరసించడం అని దాని భావం. నాటాల్ గవర్నర్ హెలీ-హచిన్‌సన్‌కు మాల్టా రోజుల నుంచే బ్రూస్ తెలుసు. ఈ రోగం సంగతి తేల్చమని ఆయనే కోరారు. ఎడ్లబండిపై వారాల తరబడి ప్రయాణించి దంపతులు ఉబొంబో కొండ చేరుకున్నారు. మట్టి గోడల గుడిసెలో సూక్ష్మదర్శిని పెట్టుకున్నారు.

బ్యాక్టీరియా కోసం వెదుకుతుండగా, జబ్బుపడిన పశువు రక్తంలో ఎర్రకణాల నడుమ మెలికలు తిరుగుతూ ఈదే జీవి కనిపించింది. 1880లో అప్పటి బ్రిటిష్ ఇండియాలోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ సర్రా సోకిన గుర్రాల రక్తంలో చూసిన జీవిని అది పోలి ఉంది. భారత్‌లో సెట్సీ ఈగ లేదు. ఇక్కడ ఒంటెలను, గుర్రాలను, గేదెలను పీడించే సర్రాను ప్రధానంగా జోరీగలు మోస్తాయి. వానకాలంలో జోరీగలు ముసిరినప్పుడు ఈ వ్యాధి బెడద నేటికీ ఉంది.

రెండు నెలలకే సైనికాధికారులు బ్రూస్‌ను వెనక్కు పిలిపించారు. 1895 సెప్టెంబరులో ఆయన మళ్లీ కొండకు చేరారు. అప్పటికి ఈ రోగంపై రెండు వాదనలు ఉండేవి. సెట్సీ ఈగ కాటులోనే విషం ఉందని ఐరోపా వేటగాళ్లు నమ్మేవారు. అడవి జంతువులు తిరిగి మైలపరచిన గడ్డి తినడం వల్లే పశువులకు ఈ తెగులని జులూలు భావించేవారు.

కొండపైన ఈ ఈగ లేదు, కింది పొదల్లో ఉంది. బ్రూస్‌కు అదే కలిసివచ్చింది. ఆరోగ్యంగా ఉన్న గుర్రాలకు మూతి కట్టి కిందికి తీసుకువెళ్లి, గడ్డిపరకను, నీటిచుక్కను ముట్టనీయకుండా కొన్ని గంటలు ఈగల మధ్య నిలిపి తిరిగి తెచ్చారు. వాటికి నగానా వచ్చింది. కింది గడ్డిని, నీటిని పైకి తెప్పించి వేరే గుర్రాలకు పెడితే ఏమీ కాలేదు. ఈగలను పట్టి జబ్బు జంతువుపై, ఆపై ఆరోగ్యమైన జంతువుపై వాలనిస్తే రోగం పాకింది. మరి ఈగకు ఎక్కడి నుంచి వచ్చింది? అడవిదున్న, విల్డెబీస్ట్, కూడూ వంటి జంతువుల రక్తాన్ని కుక్కలకు ఎక్కించగా కొన్నిట పరాన్నజీవి బయటపడింది. ఆ జంతువులు మాత్రం నిక్షేపంగా తిరుగుతున్నాయి. అంటే ఈగను తప్పుపట్టిన వేటగాళ్లు, అడవి జంతువులను తప్పుపట్టిన జులూలు చెరి సగం నిజం పట్టుకున్నారు.

ఒక సంగతిలో బ్రూస్ పొరబడ్డారు. ఈగ సూదిమొనలా రక్తాన్ని ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చుతుందనే ఆయన అనుకున్నారు. పరాన్నజీవి ఈగ శరీరంలోనే పెరిగి పక్వమవుతుందని 1909లో జర్మన్ శాస్త్రవేత్త క్లైనె చూపారు.

ఉబొంబోలో మేరీ కేవలం తోడుగా లేరు. రక్తనమూనాలకు రంగు వేయడం, సూక్ష్మదర్శినిలో పరిశీలించడం, నివేదికలకు బొమ్మలు గీయడం ఆమె పని. బోయర్ యుద్ధంలో లేడీస్మిత్ ముట్టడి వేళ భర్త ఆసుపత్రి నడపగా ఆమె నర్సుగా పనిచేసి రాయల్ రెడ్‌క్రాస్ పతకం పొందారు. తన కృషి గురించి రాసేవారు ఆమె భాగాన్నీ చెప్పాలని బ్రూస్ కోరుకున్నారు. 1899లో పరాన్నజీవికి పెట్టిన పేరు మాత్రం లాటిన్ వ్యాకరణం ప్రకారం ఒక్క పురుషుడికే చెందుతుంది. దంపతులిద్దరిదీ అయితే ఆ పదం చివర బహువచన ప్రత్యయం వచ్చేది.

1903లో బ్రూస్ ఉగాండా వెళ్లి, విక్టోరియా సరస్సు తీరాన జనాన్ని కబళిస్తున్న నిద్రరోగానికీ సెట్సీ ఈగే వాహకమని నిరూపించారు. రోగుల వెన్నుద్రవంలో ఆ జీవిని ముందుగా చూసిన కాస్టెల్లానీతో ఘనత విషయమై వివాదం చాలాకాలం నడిచింది. 1908లో సర్ బిరుదు వచ్చింది.

1911 నుంచి న్యాసాలాండ్‌లో పనిచేసిన బ్రూస్, ఈగలున్న ప్రాంతాల్లో అడవి జంతువులను నిర్మూలించాలని గట్టిగా వాదించారు. ఆ ఆలోచన జులూలాండ్‌కు ఖరీదైనదే అయింది. ఆయన ఉబొంబోకు తిరిగివచ్చిన 1895లోనే ఏర్పడిన ఉంఫొలోజి అభయారణ్యంలో, పశువులను కాపాడే పేరిట తరువాతి దశాబ్దాల్లో వేలాది వన్యప్రాణులను కాల్చి చంపారు. ఖడ్గమృగాలను మాత్రం మినహాయించారు. అయినా ఈగ పోలేదు.

ఈగ బలహీనత వేరే చోట ఉంది. సెట్సీ గుడ్లు పెట్టదు, ఒక్కో కాన్పులో ఒక్క పిల్లపురుగునే కంటుంది. సంతతి ఇంత నెమ్మది గనుక, రోజూ కొద్ది శాతం ఈగలను చంపినా జాతి క్షీణిస్తుంది. 1930 ప్రాంతంలో హ్యారిస్ అనే కీటక శాస్త్రవేత్త జంతువు ఆకారాన్ని పోలిన బోను తయారుచేసి జులూలాండ్‌లో ఈగలను పెద్ద ఎత్తున పట్టారు. 1940లలో విమానాల నుంచి డీడీటీ చల్లాక అక్కడ నగానా అదుపులోకి వచ్చింది. ఇప్పుడు ఆఫ్రికాలో పలుచోట్ల ఎద్దు వాసనను పోలిన రసాయనాలు పెట్టి, మందు పూసిన నీలం, నలుపు గుడ్డలను పొదల మధ్య నిలబెడుతున్నారు. పశువుల వీపుపైనే కీటకనాశిని పోసి, వాలిన ఈగ చచ్చేలా చేస్తున్నారు. జాంజిబార్‌లోని ఉంగుజా దీవిలో వీటికి తోడు వంధ్యీకరించిన మగ ఈగలను లక్షల సంఖ్యలో వదిలారు. 1997లో ఆ దీవిని సెట్సీ రహితంగా ప్రకటించారు.