యంత్రమునకు వ్రాత నేర్పిన గణితవేత్త: జాన్ వాన్ న్యూమన్

పాఠశాలలో కంప్యూటరు మీటను నొక్కిన విద్యార్థికి తెరపై అక్షరములు కనబడుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ క్షణములలో యంత్రము ఊరకుండదు. ముందుగా ఒక చిన్న ప్రోగ్రాము మేల్కొని, ‘కెర్నెల్’ అను ప్రధాన ప్రోగ్రామును డిస్కునుండి తెచ్చి యంత్రస్మృతిలో నిలుపును. దానితోపాటు ఒక వ్రాతను కూడ అందించును. మూలమగు డిస్కు ఏది, స్మృతిలో ఎంత భాగము వాడవలెను, ఏ పరికరమును విడిచిపెట్టవలెను అను నియమములు అందుండును. కెర్నెల్ ఆ నియమముల ననుసరించి తన్ను తాను అమర్చుకొనిన పిదపనే తక్కిన పనులకు పూనుకొనును. నియమమును మార్చవలెనన్న ఆ వ్రాతలో ఒక్క పంక్తిని దిద్దిన చాలును. తీగెను కదపనక్కఱలేదు. ఇట్టి సౌలభ్యము తొలినాటి ఎలక్ట్రానిక్ యంత్రములకు లేదు. దానికి శాస్త్రరూపమిచ్చిన వారిలో జాన్ వాన్ న్యూమన్ ముఖ్యుడు.

ఆయన 1903 డిసెంబరు 28వ తేదీన హంగెరీలోని బుడాపెస్టు నగరమున ఒక సంపన్న యూదు కుటుంబములో జన్మించెను. తండ్రి మాక్స్ బ్యాంకు వ్యవహారములలో ఆరితేరినవాడు. లూథరన్ పాఠశాలలో చదువు దినములలో లాస్లో రాట్జ్ అను గణితోపాధ్యాయుడు బాలుని ప్రతిభను కనిపెట్టెను. తరగతి పాఠము ఈ బాలునికి చాలదని గ్రహించి, తండ్రితో మాటాడి, విశ్వవిద్యాలయపు గణితజ్ఞులచేత వేఱుగా పాఠములు చెప్పించు ఏర్పాటు గావించెను. ఆ ఉపాధ్యాయుని దూరదృష్టి వలన లోకమునకు కలిగిన మేలు ఇంతింత యనరానిది.

గణితము కూడు పెట్టదని తండ్రి భయము. అందుచేత కుమారుడు జూరిచ్ నగరమున రసాయన ఇంజనీరింగు చదువుచు, బుడాపెస్టు విశ్వవిద్యాలయమునకు గణితశాస్త్ర విద్యార్థిగా కూడ నుండెను. 1926లో రెండు పట్టములును చేతికి వచ్చెను. పిమ్మట జర్మనీలో హిల్బర్టు వంటి మహాపండితుని సాన్నిధ్యమున పనిచేసి, క్వాంటం యాంత్రికశాస్త్రమునకు గణితపు పునాదులు కూర్చెను. 1930లో అమెరికాకు చేరెను. 1933లో ప్రిన్స్‌టన్‌లోని ఉన్నతాధ్యయన సంస్థలో ఆచార్యుడయ్యెను. 1937లో ఆ దేశపు పౌరసత్వమును పొందెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆయన లాస్ అలమోస్‌లో అణుబాంబు నిర్మాణమునకు తోడ్పడెను. నాగసాకిపై 1945 ఆగస్టు 9న పడిన బాంబు పేలు విధానములో ఆయన గణితమునకును పాలున్నది. ఆయన చరిత్రలో ఈ అధ్యాయమును దాచుట తగదు. ఆ పనిలో ఎదురైన లెక్కలు మనుష్యుల చేత తెమలునవి కావు. వేగముగ లెక్కించు యంత్రము కొఱకు ఆయన వెదకుట కిదియే కారణము.

1944 వేసవిలో అబర్డీన్ రైలు స్టేషనులో హెర్మన్ గోల్డ్‌స్టైన్ అను యువ సైనికాధికారి ఆయనను పలుకరించెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ఎకర్ట్, మాక్లీ అను ఇంజనీర్లు సైన్యము కొఱకు నిర్మించుచున్న ఎనియాక్ యంత్రము సంగతి ఆ మాటలలో బయటపడెను. సుమారు 18,000 వాల్వులతో, 30 టన్నుల బరువుతో నిర్మితమైన ఆ యంత్రము సెకనుకు 5,000 కూడికలు చేయగలదు. కాని లెక్క మారినప్పుడెల్ల వందలకొలది తీగెలను పెరికి మరల గ్రుచ్చవలెను, స్విచ్చులను తిప్పవలెను. ఆ పనిని నేర్చి సాధించినవారు ఆరుగురు యువతులు. యంత్రము క్షణములలో చేయు లెక్కకు వారు దినములతరబడి దానిని సిద్ధపఱుపవలసివచ్చుచుండెను.

ఈ చిక్కును తొలగించుటకు ఎడ్వాక్ అను కొత్త యంత్రమును గూర్చి చర్చలు సాగెను. ఆజ్ఞలను కూడ అంకెలుగా మార్చి, లెక్కకు కావలసిన అంకెలుండు స్మృతిలోనే నిలుపుట అందలి ముఖ్యభావము. వాన్ న్యూమన్ దానిని 1945లో ఒక నివేదికగా వ్రాసెను. ఇంజనీరింగు వివరములకన్న తర్కమునకు ప్రాధాన్యమిచ్చిన ఆ వ్రాత దేశదేశముల శాస్త్రజ్ఞులకు దారిచూపెను. గోల్డ్‌స్టైన్ ఆ చిత్తుప్రతిని పలువురికి పంచినప్పుడు మాత్రము ముఖపత్రముపై వాన్ న్యూమన్ పేరొక్కటియే యుండెను. ఆయన రాకకు ముందే ఆ దారిలో ఆలోచించిన ఎకర్ట్, మాక్లీల పేర్లు లేవు. ప్రతి బహిరంగమైనందున ఆ భావములపై పేటెంటు కోరు అవకాశము కూడ వారికి చేజారెను. ఆ మనస్తాపము వారిని జీవితాంతము వీడలేదు.

1948లో పాత ఎనియాక్‌నే ఆజ్ఞలను అంకెలుగా గ్రహించునట్లు మార్చిరి. దాని వేగము తగ్గినను, సిద్ధపఱచుటకు పట్టు దినములు మిగిలెను. దానికి ఆజ్ఞలు కూర్చినవారిలో వాన్ న్యూమన్ భార్య క్లారా ఒకరు. ఆ సంవత్సరమే ఇంగ్లండులోని మాంచెస్టరు యంత్రము స్మృతిలో నిలిచిన ఆజ్ఞలతో నడచెను. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రము పనిచేయ నారంభించెను.

అప్పుడొక విచిత్రమైన ప్రశ్న పుట్టెను. ఆజ్ఞలన్నియు స్మృతిలోనే యుండవలెనన్నచో, మీట నొక్కిన క్షణమున శూన్యమైయున్న స్మృతిలోనికి మొదటి ఆజ్ఞను తెచ్చువారెవరు? కేంబ్రిడ్జిలో డేవిడ్ వీలర్ అను యువకుడు 31 ఆజ్ఞలను టెలిఫోను స్విచ్చులయందు తీగెలతో శాశ్వతముగా కూర్చెను. మీట నొక్కగనే అవి స్మృతిలోనికి దిగి, కాగితపుపట్టీపై రంధ్రములుగానున్న తక్కిన ఆజ్ఞలను చదువుచుండెను. నేటి కంప్యూటరులోను, చెరిగిపోని స్మృతిలోని చిన్న ప్రోగ్రాము మొదట మేల్కొని పెద్దదానిని పిలుచుటలో ఉన్న పద్ధతి ఇదియే.

ప్రిన్స్‌టన్‌లో వాన్ న్యూమన్ నిర్మింపజేసిన యంత్రము 1952లో లోకమునకు వెల్లడియయ్యెను. దాని స్మృతి 40 బిట్లు గల 1,024 పదములు మాత్రమే. దాని నమూనాలను దాచక పంచినందున పలుచోట్ల అట్టి యంత్రములు వెలసెను. 1955లో ఆయనకు క్యాన్సరు సోకినట్లు తెలిసెను. మెదడును కంప్యూటరును పోల్చుచు వ్రాయదలచిన ఉపన్యాసములు ముగియకమునుపే, 1957 ఫిబ్రవరి 8న, ఏబదిమూడవ యేట ఆయన కన్నుమూసెను. అసంపూర్ణమైన ఆ రచన మరుసటి యేడు గ్రంథముగా వెలువడెను.

నేడు పాఠ్యగ్రంథములు కంప్యూటరు నిర్మాణవిధానమును ఆయన పేరిటనే పేర్కొనుచున్నవి. ఆయన ప్రతిభకు ఆ గౌరవము తగినదే. ఐనను, యంత్రపు నియమమును ఒక పంక్తి దిద్ది మార్చగలిగిన మనము, నాటి ముఖపత్రముపై విడిచిన పేర్లను కూడ పూరించి చెప్పుకొనుట న్యాయము. ఈ పాఠము చెప్పు ఉపాధ్యాయుడు ఎకర్ట్, మాక్లీలను, తీగెలు గ్రుచ్చిన ఆరుగురు యువతులను కూడ విద్యార్థులకు పరిచయము చేసినచో ఆ లోటు కొంత తీరును.