యుద్ధం నడుమ కలిసిన చేతులు: సెన్ కటయామా

కూలి రేట్ల కోసం, బంజరు పట్టాల కోసం పోట్లాడుకునే మనకి పరాయి దేశపు పార్టీలతో ఏం పని అని కొందరు కార్యకర్తలు అడుగుతూ ఉంటారు. అడగవలసిన ప్రశ్నే. జవాబుగా మేము ఉపన్యాసం ఇవ్వబోవడం లేదు. ఒక రైతుబిడ్డ జీవితం చెబుతాం. ఆయన జపాను దేశస్థుడు, పేరు సెన్ కటయామా.

1859లో ఒకయామా ప్రాంతంలోని ఓ పల్లెలో, రైతు కుటుంబంలో రెండో కొడుకుగా పుట్టాడు. అప్పటి పేరు యబుకి సుగతారో. ఆయన కుర్రతనంలో, 1873లో, జపాను ప్రభుత్వం రైతు నెత్తిన రెండు బండలు వేసింది. మొదటిది కొత్త శిస్తు. పంట పండినా ఎండినా భూమి విలువలో నూటికి 3 వంతులు రొక్కంగా కట్టి తీరాలి. రైతులు ఎక్కడికక్కడ తిరగబడ్డాక 1877లో దాన్ని రెండున్నరకి తగ్గించారు. రెండోది నిర్బంధ సైనిక సేవ. ఇంటికి వారసుడైనవాడికి మాత్రం అందులో మినహాయింపు ఉండేది. అందుకని రెండో కొడుకుల్ని వేరే ఇళ్లకి దత్తత ఇచ్చేవారు. యబుకి ఇంటి పిల్లవాడు కటయామా వారి దత్తపుత్రుడు అయ్యింది అలాగే. బతుకంతా యుద్ధాల్ని ఎదిరించిన మనిషికి ఆ ఇంటిపేరు సైన్యాన్ని తప్పించుకోవడంలోనే వచ్చింది.

చదువు మీద ఆశతో టోక్యో చేరి అచ్చాఫీసులో పనిచేశాడు. 1884లో పొట్ట చేతబట్టుకుని అమెరికా ఓడెక్కాడు. వంటపని చేశాడు, ఇళ్లల్లో పాచిపని చేశాడు, అలాగే కాలేజీ చదువు పూర్తి చేశాడు. 1896లో స్వదేశం వచ్చి, మరుసటి ఏడాదే ఇనుము కార్మికుల సంఘం కట్టడానికి తోడ్పడ్డాడు, కార్మికుల పత్రిక నడిపాడు. 1900లో సర్కారు సంఘాల గొంతు నొక్కే పోలీసు చట్టం తెచ్చింది. 1901లో ఆయనా, మరో అయిదుగురూ కలిసి జపానులో మొదటి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెడితే వెంటనే నిషేధించారు.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. 1889లో పారిస్‌లో అనేక దేశాల సోషలిస్టులు సమావేశమయ్యారు. దాని నుంచి పుట్టిన సంస్థనే రెండో ఇంటర్నేషనల్ అంటారు. ఏటా మనం జెండా ఎగరేసే మేడే ఆ సభ చేసిన నిర్ణయం నుంచి వచ్చిందే. పరాయి పార్టీలతో మనకున్న మొదటి బంధుత్వం అది.

1904 ఫిబ్రవరిలో మంచూరియా, కొరియాల మీద పెత్తనం కోసం రష్యా జారుకీ, జపాను చక్రవర్తికీ యుద్ధం మొదలైంది. రెండు వైపులా తుపాకి పట్టింది ఎక్కువగా రైతుబిడ్డలే. అయినా మార్చిలో జపాను సోషలిస్టుల పత్రిక రష్యన్ సోషలిస్టులకి బహిరంగ లేఖ రాసింది. రష్యన్ విప్లవకారుల పత్రిక ఇస్‌క్రా దానికి జవాబిచ్చింది. ఆగస్టులో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇంటర్నేషనల్ మహాసభ జరిగింది. జపాను తరఫున కటయామా, రష్యా తరఫున ప్లెఖనోవ్ ఉపాధ్యక్షులయ్యారు. ఇద్దరూ వేదిక మీద లేచి చేతులు కలిపారు. సభ యావత్తూ చాలాసేపు చప్పట్లు కొట్టింది. ఆ వారంలోనే పోర్ట్ ఆర్థర్ కోట ముందు ఇరుదేశాల సైనికులూ ఒకరినొకరు చంపుకుంటున్నారు. అదే మహాసభలో దాదాభాయ్ నౌరోజీ బ్రిటిష్ పాలనలో మన దేశం పడుతున్న దారిద్ర్యం చెబితే ప్రతినిధులు లేచి నిలబడ్డారు.

చేతులు కలిపినంత మాత్రాన యుద్ధం ఆగిందా? ఆగలేదు, 1905 దాకా సాగింది. జపానులో ఆ సోషలిస్టు పత్రికని మూయించారు. 1911లో చక్రవర్తిపై కుట్ర కేసు పేరిట కొటొకు షూసుయితో సహా 12 మందిని ఉరితీశారు. ఆ ఏడాది చివర టోక్యో ట్రాము కార్మికుల సమ్మెకి అండగా నిలిచినందుకు కటయామాని జైల్లో పెట్టారు. 1914లో ఆయన దేశం విడిచాడు, మళ్లీ ఇంటి ముఖం చూడలేదు.

అసలు పరీక్ష ఆ 1914లోనే వచ్చింది. ఆగస్టు 4న జర్మన్ సోషలిస్టులు పార్లమెంటులో యుద్ధ ఖర్చులకి ఓటేశారు. ఫ్రెంచి పార్టీ కూడా తన సర్కారు పక్షం చేరింది. పదేళ్ల క్రితం కటయామాతో చేయి కలిపిన ప్లెఖనోవ్ సైతం ఈసారి రష్యా యుద్ధాన్ని సమర్థించాడు. ఇన్నేళ్ల తీర్మానాలు గాలికి పోయాయి. మాటకి కట్టుబడ్డవాళ్లు తక్కువే. సెర్బియా సోషలిస్టులు, రష్యాలో బోల్షివిక్కులు నిలబడ్డారు. బోల్షివిక్ సభ్యుల్ని జారు సైబీరియాకి పంపాడు. కటయామా కూడా ఆ తక్కువమంది పక్షానే ఉన్నాడు.

1918లో జపాను విప్లవ రష్యా మీదికి సైన్యం నడిపింది. సైన్యానికి బియ్యం కావాలని తెలిసి వర్తకులు సరుకు దాచేశారు, ధర ఆకాశానికెక్కింది. తొయామాలో బెస్త ఆడవాళ్లు ముందు తిరగబడ్డారు, ఆ నిప్పు దేశమంతా పాకింది. పరాయి దేశం మీద యుద్ధం సొంత ఇంట్లో కుండని ఎలా ఖాళీ చేస్తుందో ఇంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు?

కటయామా 1921లో మాస్కో చేరి కమ్యూనిస్టు ఇంటర్నేషనల్‌లో పనిచేశాడు. 1922లో జపాను కమ్యూనిస్టు పార్టీ రహస్యంగా పుట్టింది. ఆ కొత్త బంధంలోనూ లోటు లేకపోలేదు. జపాను పార్టీకి దారి మాస్కోలో గీసిన రోజులున్నాయి. నేల ఎరిగినవాడి మాటకన్నా కేంద్రం మాట చెల్లిన చోట చిక్కులు వచ్చాయి. ఇదీ మనం నేర్చుకోవలసిన పాఠమే.

1931లో జపాను మంచూరియాని ఆక్రమించింది. మరుసటి ఆగస్టులో యుద్ధ వ్యతిరేక మహాసభ జరిగింది, అదీ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే. డెబ్బయి రెండేళ్ల కటయామా మళ్లీ అక్కడికి వెళ్లాడు, తన దేశపు పాలకులకి ఎదురుగా నిలిచాడు. 1933 నవంబరు 5న మాస్కోలో కన్నుమూశాడు. ఆయన చితాభస్మం క్రెమ్లిన్ గోడలో ఉంది.

పరాయి పార్టీతో మనకేం పని అన్న ప్రశ్నకి ఇదే మా జవాబు. సరిహద్దు అవతల తుపాకి పట్టినవాడూ అప్పులపాలైన రైతుబిడ్డే. వాణ్ణి చంపమని మన పాలకులు చెప్పిన రోజున కాదనగలిగితేనే సౌహార్దం. లేదంటే అది సభలో చప్పట్లతోనే ముగుస్తుంది.