పది వేళ్ళు, ఒక పాత తగాదా: ఆర్ట్ టేటమ్

హాస్టళ్ళలో ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. గిటార్ కానీ, కీబోర్డ్ కానీ, వయొలిన్ కానీ ఎవరైనా మెరుపు వేగంతో వాయిస్తే సగంమంది నోరెళ్ళబెట్టి చూస్తారు. మిగతా సగం పెదవి విరుస్తారు. వేగం సరే, అందులో సంగీతం ఎక్కడుంది అని వీళ్ళ పాయింటు. ముందు అంత వేగంగా వాయించి చూపించు, తర్వాత మాట్లాడు అని వాళ్ళ పాయింటు.

జాజ్ పియానోలో ఈ తగాదా దాదాపు తొంభై ఏళ్ళుగా నడుస్తోంది. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఒకే పేరు దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ పేరు ఆర్ట్ టేటమ్. జాజ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఆయన కథ చదవొచ్చు. వాదన మాత్రం మనందరిదీ.

టొలీడో కుర్రాడు

ఆర్థర్ టేటమ్ జూనియర్ 1909 అక్టోబర్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. తల్లి చర్చిలో పియానో వాయించేది. పసితనంలోనే కళ్ళకి శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్లు జరిగినా ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంటితో ఏదో కొంచెం కనబడేది. పేకముక్కల్ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని చూసి ఆడేవాడట.

చూపు లేని లోటు చెవి తీర్చింది. ఏ స్వరం మోగినా అదేమిటో ఠక్కున చెప్పగలిగేవాడు. ఆ రోజుల్లో పియానో రోల్స్ అని ఉండేవి. కాగితం చుట్టకి రంధ్రాలు పొడిచి పెడితే, యంత్రం పియానో ఆ రంధ్రాల ప్రకారం తనంతట తాను వాయించేది. ఒకరకంగా ఆ కాలపు ప్రోగ్రాం ఫైల్ అనుకోండి. పిల్లవాడు టేటమ్ ఆ రోల్స్ వింటూ, చెవితోనే పాటలు పట్టేవాడు. దీని మీద ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఇద్దరు మనుషులు కలిసి వాయించిన రోల్‌ని ఒక్కరే వాయించారనుకుని, ఆ నాలుగు చేతుల పనీ రెండు చేతులతో నేర్చేసుకున్నాడని. నిజమో కల్పనో గానీ, ఆయన రికార్డులు విన్నాక ఆ కథని నమ్మబుద్ధేస్తుంది.

కొలంబస్‌లోని అంధుల పాఠశాలలో బ్రెయిలీ స్వరలిపి నేర్చుకున్నాడు. తర్వాత టొలీడో స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో ఓవర్టన్ రేనీ దగ్గర శాస్త్రీయ శిక్షణ. ఈ గురువుగారికీ చూపు సరిగా లేదు. అయితే ఆ కాలపు అమెరికాలో నల్లజాతి పియానిస్టుకి శాస్త్రీయ కచేరీ వేదికలు ఇంచుమించు మూసుకుపోయిన తలుపులే. అంత శిక్షణా బార్లకీ, క్లబ్బులకీ, రేడియోకీ చేరింది. ఇరవై ఏళ్ళు నిండేలోపే టొలీడో రేడియో స్టేషన్‌లో ఆయన వాయిద్యం వినపడుతూ ఉండేది.

హార్లెంలో ఒక రాత్రి

1932లో గాయని అడిలైడ్ హాల్ ఆయన్ని తన సహవాద్యకారుడిగా పెట్టుకుని న్యూయార్క్ తీసుకెళ్ళింది. అప్పటికి న్యూయార్క్ నల్లవాడ హార్లెంలో స్ట్రైడ్ పియానోదే రాజ్యం. స్ట్రైడ్ అంటే పెద్ద అంగ. ఎడమ చెయ్యి ఒకటో బీటుకి కింద దూరంగా ఉన్న మంద్రస్వరం కొట్టి, రెండో బీటుకి ఎగిరి మధ్యలోని కార్డు పట్టుకోవాలి. మళ్ళీ కిందకి, మళ్ళీ పైకి. పాట అయ్యేదాకా ఇదే గెంతుడు. డ్రమ్మూ బేసూ చేసే పనంతా ఒక్క ఎడమ చెయ్యే చేస్తుంటే కుడి చెయ్యి పాటని నడిపిస్తుంది.

ఈ విద్యలో ముగ్గురు మొనగాళ్ళు: జేమ్స్ పి. జాన్సన్, విల్లీ స్మిత్, ఫాట్స్ వాలర్. ఊళ్ళోకి కొత్త పియానిస్టు వస్తే వీళ్ళతో పోటీకి కూర్చోవాల్సిందే. ఒకరి తర్వాత ఒకరు వాయించుకుంటూ పోతారు. జడ్జీలుండరు, మార్కులుండవు. ఎవరు ఓడారో వాయించినవాళ్ళకే తెలిసిపోతుంది. టేటమ్ కొత్తగా వచ్చినప్పుడు మోర్గాన్స్ అనే బార్‌లో అలాంటి పోటీ జరిగింది. ఆయన టీ ఫర్ టూ అనే మామూలు సినిమా తరహా పాట అందుకుని, దాని కింద ఉన్న కార్డులన్నీ మార్చేసి వాయించాడు. జాన్సన్, వాలర్ తమ తమ బ్రహ్మాస్త్రాలు తీశారు. టేటమ్ టైగర్ రాగ్‌తో బదులిచ్చాడు. ఆ తర్వాత పోటీలో ఇంక ఏమీ మిగల్లేదు. ఆ రోజు ఓడిపోయిన వాలరే తర్వాతి కాలంలో ఒక క్లబ్బులో వాయిస్తూ, టేటమ్ లోపలికి రావడం గమనించి, పియానో వదిలి లేచి, దేవుడంతటివాడు వచ్చాడన్నట్టు సభకి పరిచయం చేశాడని చెప్పుకుంటారు.

1933 మార్చిలో బ్రన్స్విక్ కంపెనీకి ఆయన తొలి సోలో రికార్డులు ఇచ్చాడు. వాటిలో టైగర్ రాగ్ రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. వేగం నిమిషానికి 350 బీట్ల పైమాటే. తర్వాత కాలంలో మహా పియానిస్టు అయిన ఆస్కార్ పీటర్సన్ చిన్నప్పుడు ఈ రికార్డు విని, ఇద్దరు వాయిస్తున్నారనుకున్నాడు. ఒక్కడే అని తెలిశాక కొన్నాళ్ళపాటు పియానో జోలికే పోలేదు.

వేగం వెనకాల ఏముంది?

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. ఆ రాత్రి హార్లెంలో మొనగాళ్ళని పడగొట్టింది వేళ్ళ వేగం ఒక్కటే కాదు. వాళ్ళూ వేగగాళ్ళే. కొత్తగా వచ్చినది కార్డుల ఆలోచన.

ఒక పాటలో సాహిత్యం పలికే స్వరాలు ఉంటాయి, వాటి కింద ఆధారంగా కార్డులు ఉంటాయి. పై స్వరం అలాగే ఉంచి కింద కార్డు మారిస్తే, అదే స్వరం మనకి వేరే రంగులో వినిపిస్తుంది. సంతోషంగా ఉన్న మాట అనుమానంగా వినిపించొచ్చు. టేటమ్ ఒక కార్డు ఉండాల్సిన చోట నాలుగు కార్డులు ఇరికించేవాడు. పాట మధ్యలో అసలు శ్రుతి వదిలేసి ఎక్కడెక్కడికో వెళ్ళి, ఇంక దారి తప్పాడురా అని మనం అనుకునేలోపు సరిగ్గా ఉండాల్సిన బీటు మీద ఇంటికి చేరేవాడు. మన కీర్తనల్లో ఒకే పంక్తికి సంగతి మీద సంగతి వేసినట్టు అనుకోవచ్చు, కాకపోతే ఇక్కడ మారేది పంక్తి కింద ఉన్న నేల.

కుడి చేతి పరుగుల్ని కూడా జాగ్రత్తగా వినాలి. అంత వేగంలోనూ ప్రతి స్వరం ముత్యంలా విడివిడిగా పలుకుతుంది. వేళ్ళు దాదాపు బల్లపరుపుగా, ఏ కష్టమూ లేనట్టు కదిలేవని చూసినవాళ్ళు చెప్పారు. క్లబ్బుల్లో దొరికే పియానోలు అధ్వాన్నంగా ఉండేవి, కొన్ని మెట్లు మోగేవే కావు. మొదట ఒకసారి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వేళ్ళు పరుగెత్తించి, ఏవి చచ్చాయో గుర్తుపెట్టుకుని, రాత్రంతా వాటిని తప్పించి వాయించేవాడట. బగ్గులున్న మెషీన్ మీద తప్పు రాకుండా కోడ్ నడిపించినట్టే కదా.

క్లబ్బు మూసేశాక ఇంకో క్లబ్బు, అది మూసేశాక ఎవరిదో ఇల్లు, తెల్లారేదాకా పియానో, పక్కన బీరు. ఇదీ ఆయన దినచర్య. 1938లో ఇంగ్లాండ్ వెళ్ళొచ్చాడు. 1943లో గిటారిస్ట్ టైనీ గ్రైమ్స్, బేసిస్ట్ స్లామ్ స్టూవర్ట్‌లతో ట్రయో పెట్టాడు. 1944 జనవరిలో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో జరిగిన జాజ్ కచేరీలో వాయించాడు. శాస్త్రీయ పియానో దిగ్గజం హొరోవిట్జ్ ఆయన అభిమానుల్లో ఒకడు. యువకుడు చార్లీ పార్కర్ హార్లెంలో ఒక హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది కూడా, అక్కడ టేటమ్ వాయిద్యం రోజూ చెవిన పడుతుందనేనని చెబుతారు. ఆ పార్కరే తర్వాత బీబాప్ అనే కొత్త జాజ్‌కి మూలపురుషుల్లో ఒకడయ్యాడు.

తగాదా

1940ల్లో బీబాప్ వచ్చాక గాలి మారింది. బడ్ పవెల్ కుడి చేత్తో పొడవాటి పదునైన పంక్తులు అల్లుతూ, ఎడమ చెయ్యి అక్కడక్కడ మాత్రమే తాకించేవాడు. డ్రమ్మరూ బేసిస్టూ పక్కనే ఉండగా ఎడమ చేత్తో అంత గెంతడం దేనికని వాళ్ళ లెక్క. థెలోనియస్ మంక్ ఇంకో దారి. స్వరాల మధ్య ఖాళీలు వదిలేవాడు, ఆ ఖాళీలు కూడా మోగేవి. టేటమ్ తరంలోనే టెడ్డీ విల్సన్ తక్కువ స్వరాలతో, ఇస్త్రీ మడతలాంటి పొందికతో వాయించేవాడు.

1955లో డౌన్ బీట్ పత్రికలో ఫ్రెంచ్ విమర్శకుడు ఆంద్రే హోదేర్ టేటమ్ మీద గట్టి అభియోగమే మోపాడు. సారాంశం ఇది: అందరికీ తెలిసిన సినిమా, నాటకాల పాటలే ఎంచుకుంటాడు. ఆ పాటని వదలకుండా పట్టుకుని చుట్టూ అలంకారాలు చేస్తాడే తప్ప కొత్త పాట పుట్టించడు. నగలు ఎక్కువ, మనిషి తక్కువ. పియానిస్ట్ బిల్లీ టేలర్ అదే పత్రికలో టేటమ్ తరఫున జవాబు రాశాడు.

హోదేర్ అభియోగాన్ని కొట్టిపారేయలేం. టైగర్ రాగ్ లాంటివి టేటమ్ ఏళ్ళ తరబడి దాదాపు ఒకే కట్టుబాటులో వాయించాడు. ఆ పరుగులు కొన్ని పాట పాటకీ తిరిగి వస్తాయి. ఒకేసారి పది ట్రాకులు వింటే కుడి చేతి జలపాతాలు ఎప్పుడొస్తాయో ముందే తెలిసిపోతుంది. పక్కవాళ్ళకి చోటివ్వడనేది కూడా నిజమే. సాక్సోఫోన్ వాయించేవాడు ఊపిరి తీసుకునే ఖాళీలో కూడా ఈయన నాలుగు పరుగులు పెట్టేస్తాడు.

అయినా నా ఓటు టేటమ్‌కే. ఎందుకంటే హోదేర్ ఆయన్ని తప్పు కొలబద్దతో కొలిచాడు. పవెల్ కొత్తదనం గీతలో ఉంటుంది, కాబట్టి గీతని కొలవాలి. టేటమ్ కొత్తదనం గీత కింద ఉంటుంది. అందరికీ తెలిసిన పాటే ఆయనకి కావాలి, ఎందుకంటే అసలు దారి మనకి తెలిస్తేనే ఆయన ఎంత దూరం పక్కకి వెళ్ళాడో తెలుస్తుంది. టీ ఫర్ టూలో పాట అలాగే ఉంది, ప్రపంచం మారిపోయింది. దాన్ని అలంకారం అంటే ఎలా? పరుగులు వినడం మానేసి, ఒక్కసారి ఎడమ చేతినే వెంబడించి చూడండి. వేగం అనేది ఆయన దగ్గర ప్రదర్శన వస్తువు కాదని, అన్ని ఆలోచనలు ఒక బీటులో పట్టాలంటే అంత వేగం అవసరమైందని అర్థమవుతుంది. పవెల్ కూడా, బీబాప్ వాళ్ళు కూడా ఆ కార్డుల ఖజానాలోంచే తీసుకున్నారు. శైలి వద్దన్నారు గానీ సొమ్ము వద్దనలేదు.

చివరి మూడేళ్ళు

1953 డిసెంబర్‌లో నిర్మాత నార్మన్ గ్రాంజ్ ఆయన్ని లాస్ ఏంజిలస్ స్టూడియోలో కూర్చోబెట్టి, నచ్చింది వాయించమని టేపు వదిలేశాడు. రెండు రోజుల్లో 69 ట్రాకులు. దాదాపు అన్నీ ఒక్క టేక్‌లోనే. తర్వాతి సెషన్లు కూడా కలిపితే సోలోలు 120 దాటాయి. ఇంకెవరికోసమో దాచుకునే టైము లేదని ఒళ్ళు చెప్పిందేమో. ఏళ్ళ తరబడి తాగిన బీరు, నిద్రలేని రాత్రులు, షుగరు కలిసి కిడ్నీల మీద పడ్డాయి. 1954లో తాగుడు మానేశాడు గానీ అప్పటికే ఆలస్యమైంది.

1956 ఆగస్టులో హాలీవుడ్ బౌల్‌లో దాదాపు 19,000 మంది ముందు వాయించాడు. సెప్టెంబర్‌లో సాక్సోఫోనిస్ట్ బెన్ వెబ్‌స్టర్‌తో ఒక రికార్డు చేశాడు. వెబ్‌స్టర్ పోటీకి దిగలేదు. పాటని మెల్లగా, ఊపిరి శబ్దం కూడా వినబడేలా పాడుకుంటూ పోయాడు. చుట్టూ టేటమ్ పరుగులు వానలా కురుస్తుంటే మధ్యలో ఒక మనిషి గొడుగు లేకుండా తాపీగా నడుస్తున్నట్టుంటుంది. వేగం, ఫీల్ అని మనం రెండు పార్టీలుగా విడగొట్టినవి ఆ రికార్డులో ఒకే గదిలో కూర్చున్నాయి. అందులో ఏది తీసేసినా రెండోది తగ్గిపోతుంది.

రెండు నెలలు కూడా గడవకుండానే 1956 నవంబర్ 5న లాస్ ఏంజిలస్‌లో టేటమ్ కన్నుమూశాడు. వయసు 47.

మన బ్రాంచివాళ్ళకి

1993లో ఎంఐటీలో జెఫ్ బిల్మ్స్ తన థీసిస్‌లో సంగీత లయని కంప్యూటర్‌తో విశ్లేషిస్తూ, వినేవాడి మనసు పట్టుకునే అతి చిన్న కాల విభజనకి ఒక పేరు పెట్టాడు: టేటమ్. ఈ రోజుకీ ఆడియో సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్లలో బీటు, టెంపోల పక్కన ఆ మాట కనబడుతుంది. 2007లో జెన్ఫ్ స్టూడియోస్ అనే సంస్థ ఆయన 1933, 1949 నాటి రికార్డుల్లోంచి ఒక్కో స్వరం ఎప్పుడు, ఎంత బలంతో, ఏ పెడల్‌తో పడిందో సాఫ్ట్‌వేర్‌తో రాబట్టింది. ఆ డేటాని కంప్యూటర్ నడిపే యమహా పియానోకి ఇచ్చి, 1949లో టేటమ్ వాయించిన ష్రైన్ ఆడిటోరియంలోనే జనం ముందు మళ్ళీ మోగించింది. కాగితం రోల్స్ విని నేర్చుకున్న పిల్లవాడు చివరికి తానే ఒక రోల్ అయ్యాడన్నమాట.

వినాలనుకునేవాళ్ళు ముందు 1933 టైగర్ రాగ్ వినండి, నోరెళ్ళబెట్టడం అయిపోతుంది. తర్వాత టీ ఫర్ టూ, ఎడమ చెయ్యి మీద చెవి పెట్టి. చివరికి బెన్ వెబ్‌స్టర్‌తో చేసిన రికార్డు, రాత్రి లైట్లు ఆర్పేశాక. ఆ తర్వాత కూడా హోదేరే రైటు అనిపిస్తే, వచ్చే సంచికలో మీ వాదన రాయండి. చదవడానికి నేను రెడీ.