సేయ్స్ కోర్టు తోటమాలి

పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండును చూడగోరేవారు సాధారణంగా శామ్యూల్ పీప్స్ దినచర్యను తెరుస్తారు. అందులో చిలిపితనమున్నది, గుట్టుమట్లున్నవి. పీప్స్ మిత్రుడైన జాన్ ఈవ్లిన్ కూడ దినచర్య వ్రాసినాడు. అది అరవై ఏండ్లకు పైబడిన జీవితాన్ని చెప్పుతుంది. కాని అంత రంజకంగా ఉండదు. ఈవ్లిన్ తన లోగుట్టును కాగితంమీద పెట్టే మనిషి కాడు. అయినప్పటికీ పుస్తకమూ పలుగూ రెండింటినీ ఒకే చేతితో పట్టిన గృహస్థు దినదినమూ ఎట్లా బ్రతికినాడో తెలియాలంటే ఈయన దగ్గరకే పోవాలి.

ఈవ్లిన్ 1620 అక్టోబరు 31వ తేదీన సర్రే మండలంలోని వొటన్ గ్రామంలో జన్మించినాడు. ఆ వంశానికి సిరి తెచ్చినది తుపాకిమందు తయారీ. తుపాకిమందుకు బొగ్గు కావాలి, బొగ్గుకు చెట్టు కావాలి. అట్టి ఇంట పుట్టినవాడు తరువాత దేశమంతటిచేతా చెట్లు నాటించడానికి పూనుకొనడం చిత్రమే. ఆక్స్‌ఫర్డులో కొంతకాలం చదివినాడు. రాజుకూ పార్లమెంటుకూ అంతర్యుద్ధం రేగినప్పుడు మనసు రాజు పక్షాన ఉన్నా, యుద్ధంలో ఎక్కువ కాలం నిలువలేదు. 1643లో దేశం విడిచి ఫ్రాన్సు, ఇటలీలు తిరిగినాడు. పాదువాలో వైద్యవిద్య రుచి చూచినాడు. మానవ శరీరంలోని నరాలను, రక్తనాళాలను బల్లలమీద పరచి అతికించిన ఫలకాలు కొన్నాడు. ఎండిన ఆకులను, పూవులను అతికించిన పుస్తకమొకటి కూర్చుకొన్నాడు. 1647లో పారిస్‌లో ఆంగ్ల రాజప్రతినిధి సర్ రిచర్డ్ బ్రౌన్ కుమార్తె మేరీని వివాహమాడినాడు. అప్పటికామె పసిపిల్ల. తరువాతి కాలంలో ఆమె చిత్రలేఖనంలోను, ఉత్తరాలు వ్రాయడంలోను భర్తకు తీసిపోని విదుషి అయినది.

1652లో దంపతులు లండనుకు దిగువన, థేమ్సు నది ఒడ్డున ఉన్న డెట్‌ఫర్డుకు వచ్చి సేయ్స్ కోర్టు అనే పాత ఇంట కాపురం పెట్టినారు. అది మామగారి వంశం అనుభవిస్తూ వచ్చిన రాజభూమి. పార్లమెంటువారు దానిని స్వాధీనం చేసుకొనగా ఈవ్లిన్ 3,500 పౌండ్లిచ్చి కొన్నాడు. ఇంటి పక్కనే రాచరికపు నౌకానిర్మాణశాల. పగలంతా సుత్తెల మోత, కీలు వాసన. ఇంటిచుట్టూ బీడుపొలం, నాలుగు ఎల్మ్ చెట్లు తప్ప చెప్పుకోదగినదేమీ లేదు. 1653 జనవరిలో ఈవ్లిన్ అక్కడ తోట పని ఆరంభించినాడు. పారిస్‌లో మోరాన్ అనే పూలతోటల యజమాని వద్ద తాను చూచిన అండాకారపు తోట నమూనాగా తన తోటకు గీతలు గీసినాడు. పండ్లచెట్లకు వేరుగా, వనానికి వేరుగా, ఔషధులకు వేరుగా తావులు ఏర్పరచినాడు. ఆక్స్‌ఫర్డు పండితుడు విల్కిన్సు ఇచ్చిన గాజు తేనెపెట్టెను తోటలో నిలిపినాడు. తేనెటీగలు పని చేసుకొనే తీరు బయటినుంచి కనబడేది. రెండవ చార్లెసు రాజు కూడ వచ్చి దానిని చూచి ముచ్చటపడినాడు.

ఆ తోటకంతటికీ తలమానికం హాలీ దడి. హాలీ అనేది ముండ్ల ఆకులు గల పొద. శీతకాలంలోనూ పచ్చగానే ఉండి ఎర్రని పండ్లు కాస్తుంది. దానిని ఏండ్ల తరబడి కత్తిరించి పెంచి 400 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం గల గోడగా తీర్చినాడు. ఇటుకల గోడ ఒక నెలలో కట్టవచ్చును. ఇటువంటి గోడకు ఒక యౌవనం పడుతుంది.

ఇంటి లోపల పుస్తకాలు. గ్రంథాలయం ఎట్లా కూర్చవలెనో చెప్పే నోదే రచనను ఫ్రెంచినుంచి అనువదించి 1661లో ప్రకటించినాడు. లుక్రీషియస్ లాటిన్ కావ్యంలోని ప్రథమాశ్వాసాన్ని అంతకు ముందే, 1656లో, తెనిగించినట్లు ఆంగ్లీకరించినాడు. తోటమాలులకోసం ఏ నెలలో ఏ విత్తు చల్లాలో, ఏ కొమ్మ కోయాలో, ఏ పండు పక్వానికి వస్తుందో చెప్పే పంచాంగం ఒకటి కూర్చినాడు. మన రైతులు కార్తెల లెక్కన పనులు నిర్ణయించుకొన్నట్లే ఆంగ్ల తోటమాలులు చాలకాలం దానిని అనుసరించినారు. ఆయన జీవించి ఉండగానే అది పలుమార్లు అచ్చయినది.

ఈ సుఖజీవనం నడుమనే పిడుగు పడినది. పెద్దకొడుకు రిచర్డు ఐదేండ్లవాడు. అంత పసితనంలోనే ఆంగ్లం, ఫ్రెంచి, లాటిన్ చదివేవాడు, గ్రీకులోను అక్షరాలు దాటినాడు. 1658 జనవరి 27న జ్వరంతో కన్నుమూసినాడు. కొన్ని వారాలకే మరొక పసికందు పోయినాడు. దినచర్యలో సంయమం తప్పని ఈవ్లిన్ ఈ ఒక్క చోట కట్ట తెగిన చెరువైనాడు. బిడ్డ చదివిన పుస్తకాలు, అడిగిన ప్రశ్నలు, చేసిన ప్రార్థనలు అన్నీ పేర్కొన్నాడు. ఆ దుఃఖంలోనే, పిల్లలను పెంచే విధానంపై క్రిసోస్టమ్ అనే ప్రాచీన క్రైస్తవ గురువు గ్రీకులో వ్రాసిన గ్రంథాన్ని అనువదించి, పీఠికలో కొడుకును తలచుకొన్నాడు. ఆ 1658లోనే ఫ్రెంచి తోటపని గ్రంథమొకదానికి ఆయన అనువాదం కూడ వెలువడినది. ఆ ఏడు ఆయనను నిలిపినది పనియే అని నాకు తోచుతుంది. ఎనిమిదిమంది సంతానంలో తండ్రి మరణానంతరం మిగిలినది సుసానా అనే కూతురు ఒక్కతే.

1660లో రాజు తిరిగి వచ్చినాడు. ఆ ఏడే పండితులు కొందరు కూడి ఏర్పరచిన శాస్త్ర పరిషత్తుకు రాయల్ సొసైటీ అనే పేరును మొదట వాడినవాడు ఈవ్లిన్. దాని అధ్యక్షపదవిని తనకు ఇవ్వజూపినప్పుడు తిరస్కరించినాడు. ఓడలకు కలప కరవవుతున్నదని నౌకాశాఖవారు 1662లో సొసైటీని సలహా అడిగినారు. యుద్ధకాలంలో అడవులు నరికివేసినారు, ఇనుపకొలుములు, గాజుబట్టీలు తక్కినది మింగినవి. సభ్యులు వ్రాసిన నివేదికలను కూర్చి పెంచే పని ఈవ్లిన్‌కు అప్పగించినారు. అదే 1664లో ‘సిల్వా’ అనే గ్రంథమైనది. విత్తనం ఏరడం మొదలు మాను కొట్టడం వరకు ఒక్కొక్క జాతి వృక్షాన్నీ గురించి అందులో చెప్పినాడు. దాని ఫలితంగా దేశంలో ఇరవై లక్షల చెట్లు నాటినారని తరువాతి ముద్రణలో రాజుకు విన్నవించినాడు. ఆ లెక్కను చరిత్రకారులు నమ్మరు. గ్రంథకర్తకు తన గ్రంథంపై ఉండే మమకారమని మనం సరిపెట్టుకోవచ్చును. లండను నగరపు బొగ్గు పొగపై 1661లోనే చిన్న పుస్తకం వ్రాసి, పొగబట్టీలను ఊరి వెలుపలికి పంపి, పరిమళించే పొదలు నాటుమని రాజుకు చెప్పినాడు. రాజు మెచ్చుకొన్నాడు. పొగ అట్లే ఉండిపోయినది.

1664లో డచ్చివారితో యుద్ధానికి సన్నాహాలు సాగుతుండగా, గాయపడిన నావికులను, యుద్ధఖైదీలను చూచుకొనే అధికారులలో ఒకడుగా ఆయనను నియమించినారు. మరుసటి ఏడు లండనులో ప్లేగు. భార్యాబిడ్డలను వొటన్‌కు పంపి తాను డెట్‌ఫర్డులోనే నిలిచినాడు. వేలకొలది ఖైదీలకు, రోగులకు తిండిపెట్టడానికి సొమ్ము రాదు. పైవారిని దేబిరించడమే ఆయన దినచర్య అయినది. ఆ నవంబరులో పీప్స్ పడవలో వచ్చినాడు. ఈవ్లిన్ తన చిత్రాలు చూపినాడు, తోటలపై తాను వ్రాస్తున్న గ్రంథం చదివి వినిపించినాడు, రంగు తగ్గని ఎండుటాకుల పుస్తకం విప్పినాడు. తాను వ్రాసిన నాటకాలు కూడ చదివినాడు. అవి బాగున్నవి గాని ఆయన అనుకొన్నంత బాగా లేవని పీప్స్‌కు తోచినది. మనిషికి కొంచెం గొప్పలెక్కువ, అయినా అంత గొప్పవానికి ఆ మాత్రం చెల్లునని ఇంటికి పోయి వ్రాసుకొన్నాడు. ఊరంతా చావు తాండవిస్తుండగా ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఎండుటాకులు తిరగవేస్తూ కూర్చున్నారు.

1671లో ఒకనాడు ఇంటికి చేరువన నడుస్తూ పూరింటి కిటికీలోంచి తొంగి చూస్తే, ఒక యువకుడు క్రీస్తు శిలువ దృశ్యాన్ని కొయ్యమీద చెక్కుతున్నాడు. ఈవ్లిన్ అతనిని రాజుకు, శిల్పి రెన్‌కు పరిచయం చేసినాడు. తరువాత సెయింట్ పాల్ దేవాలయానికి కొయ్యపూల తోరణాలు తొడిగిన గ్రిన్లింగ్ గిబ్బన్సు అతడే.

1683–84 చలికాలంలో థేమ్సు గడ్డకట్టినది. నారింజ, రోజ్‌మేరీ మొక్కలు మాడిపోయినవి. ఆ నష్టాన్ని రాయల్ సొసైటీకి నివేదిస్తూ తన తాబేలు సంగతి కూడ వ్రాసినాడు. ఏటా చలికి ముందు భూమిలో లోతుగా దూరే ఆ ముసలి ప్రాణికి ఈసారి ద్రాక్షవేరు అడ్డుపడినది. చాలినంత లోతుకు పోలేక చచ్చిపోయినది. మరుసటి ఏడు, 1685లో, మశూచికం ఇద్దరు ఎదిగిన కూతుళ్ళను కొన్ని నెలల వ్యవధిలో తీసుకొనిపోయినది.

1694లో ఈవ్లిన్ అన్నగారి వద్దకు, వొటన్‌కు చేరినాడు. సేయ్స్ కోర్టును బెన్బో అనే నౌకాసేనానికి అద్దెకిచ్చినాడు. 1698లో నౌకానిర్మాణం నేర్వవచ్చిన రష్యా చక్రవర్తి పీటరుకు ఆ ఇల్లే విడిది అయినది. మూడు నెలలపాటు చక్రవర్తి పరివారం అక్కడ ఉన్నది. ఇల్లంతా జనమే, రోత పుట్టేటంత మురికి అని ఈవ్లిన్ సేవకుడు జాబు వ్రాసినాడు. పీటరును ఒంటిచక్రపు తోపుడుబండిలో కూర్చుండబెట్టి హాలీ దడిగుండా నెట్టేవారని చెప్పుకొంటారు. రెన్, రాజోద్యానపాలకుడు జార్జి లండనులు వచ్చి నష్టం అంచనా కట్టినారు. ఖజానా సుమారు 350 పౌండ్లు చెల్లించినది. అందులో సగం కంటె తక్కువే ఈవ్లిన్‌కు దక్కినది. సగం జీవితం పట్టిన దడికి రసీదు వ్రాయడం ఎట్లాగో ఆ లెక్కగాండ్రకే తెలియాలి. డెబ్బది ఏడేండ్ల యజమాని వచ్చి చూచినాడు, ‘సిల్వా’ చివరి ముద్రణలో చక్రవర్తి చేసిన పాడును గురించి ఒక మాట చేర్చినాడు, అంతే. మరుసటి ఏడు, 1699లో, పచ్చికూరల ఆహారాన్ని గురించి గ్రంథం వెలువరించినాడు. మిగిలిన ఒక్క కొడుకు జాన్ కూడ ఆ ఏడే పోయినాడు, అన్నగారూ పోయినారు, వొటన్ ఈయనకు సంక్రమించినది.

1703 నవంబరు తుపానులో వొటన్ ఇంటి కనుచూపుమేరలోనే వెయ్యికి పైగా చెట్లు కూలినవి. తోటలపై ఆయన యావజ్జీవం వ్రాసిన మహాగ్రంథం అప్పటికీ పూర్తి కాలేదు. కొత్త మొక్క, కొత్త పద్ధతి తెలిసినప్పుడల్లా అంచులలో చేర్పులు చేర్చుతూ పోయినాడు. తోటమాలుల పంచాంగమూ, పచ్చికూరల పుస్తకమూ దానినుంచి విడివడిన కొమ్మలే. మిగిలిన వ్రాతప్రతి 2001లో గాని అచ్చు కాలేదు. దానికి ముగింపు వ్రాయుటకు బదులు, 1704లో మనుమనికొరకు ఒక చిన్న వ్రాతప్రతి సిద్ధం చేసినాడు. ఎస్టేటు ఎట్లా చూచుకోవాలో, పుస్తకాలు ఎట్లా భద్రపరచాలో, పనిముట్లు ఎట్లా ఉంచుకోవాలో అందులో చెప్పినాడు. 1706 ఫిబ్రవరి 27న ఎనభై అయిదవ యేట కన్నుమూసినాడు. వొటన్ చర్చిలో సమాధి చేసినారు. మూడేండ్ల తరువాత మేరీ కూడ ఆయన పక్కకే చేరినది.