నిజాయితీ వేరు, నిజం వేరు

ఒక ఆదివారం పూజ ముగించి పూజావస్త్రాలు తీస్తుండగా మా విచారణకు చెందిన ఒక తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఒక అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆ అమ్మాయి కుటుంబం మోర్మనులనబడే సంఘానికి చెందినది. వాళ్ళు కూడా ఏసు పేరే చెబుతారట, పిత పుత్ర పవిత్రాత్మ నామముననే జ్ఞానస్నానం ఇస్తారట. మరి వాళ్ళూ మనలాంటి క్రైస్తవులే కదా, పెండ్లికి అడ్డేమిటి ఫాదరుగారూ అని ఆ తల్లి అడిగింది. అక్కడికక్కడే రెండు ముక్కల్లో చెప్పగలిగిన జవాబు కాదది. అందుకే ఆ సంఘాన్ని స్థాపించిన మనిషి కథ ఈ వారం మీకు చెబుతున్నాను. చివర ఆ తల్లికి ఇచ్చిన జవాబు కూడా చెబుతాను.

జోసెఫ్ స్మిత్ 1805 డిసెంబరు 23న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, షారోన్ అనే చోట పుట్టాడు. మన విశాఖపట్నంలో లండన్ మిషనరీ సంఘం బోధకులు అడుగుపెట్టినది కూడా ఆ ఏడాదే. తండ్రి సొంత భూమి నిలుపుకోలేని రైతు. జోసెఫుకు ఏడేళ్ళ వయసులో టైఫాయిడ్ జ్వరం వచ్చి, కాలి ఎముకకు చీము పట్టింది. మత్తుమందు లేని రోజుల్లో వైద్యులు ఆ ఎముక ముక్కలు కోసి తీశారు. 1816లో ఆ ప్రాంతంలో వేసవిలోనే మంచు కురిసి పంటలు పోయాయి. కుటుంబం మూటాముల్లె సర్దుకుని న్యూయార్క్ రాష్ట్రంలోని పాల్మైరాకు వలస పోయింది. ఊరి పేరులోనే వలస ఉన్న మనకు ఆ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

పాల్మైరా చుట్టుపక్కల అప్పుడు ఉజ్జీవ సభల హోరు. మెథడిస్టులు ఒక వైపు, బాప్తిస్టులు ఒక వైపు, ప్రెస్బిటేరియనులు మరొక వైపు. ఒకే ఇంట్లో తల్లి ఒక సంఘంలో చేరితే తండ్రి ఏ సంఘంలోనూ చేరలేదు. ఇన్నింటిలో ఏది సత్యం అన్న ప్రశ్న ఆ పిల్లవాడిని పట్టుకుంది. పాఠకులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్న చెడ్డది కాదు. క్రైస్తవులమైన మనం చీలిపోయి ఒకరినొకరు దూషించుకుంటుంటే చూసిన ప్రతి పిల్లవాడికీ పుట్టే ప్రశ్న అది. అందులో మన తప్పు కూడా ఉన్నది.

1820లో, పధ్నాలుగేళ్ళ వయసులో, అడవిలో ప్రార్థిస్తుండగా తనకు దర్శనం కలిగిందని, ఏ సంఘంలోనూ చేరవద్దని ఆజ్ఞ వచ్చిందని జోసెఫ్ తరువాత చెప్పాడు. 1832లో రాసిన వృత్తాంతంలో ప్రభువు కనిపించాడని ఉంది. 1838లో చెప్పిన వృత్తాంతంలో తండ్రి, కుమారుడు ఇద్దరు వేర్వేరు వ్యక్తులుగా కనిపించారని ఉంది. ఒకే సంగతిని వేర్వేరు సమయాల్లో చెప్పినప్పుడు వివరాలు మారడం సహజమని అతని అనుచరులంటారు. అతని బోధ పెరిగిన కొద్దీ దర్శనం కూడా పెరిగిందని విమర్శకులంటారు.

1823లో మొరోని అనే దేవదూత వచ్చి, దగ్గరలోని గుట్టలో బంగారు రేకుల గ్రంథం ఉన్నదని చెప్పాడని, 1827లో అది తన చేతికి వచ్చిందని జోసెఫ్ ప్రకటించాడు. ఆ మధ్యకాలంలో అతడు మహిమగల రాయిలో చూసి పూడ్చిన నిధులు చెబుతానని కూలికి కుదిరేవాడు. 1826లో ఆ విషయమై న్యాయాధికారి ముందు నిలబడవలసి వచ్చింది. 1827 జనవరిలో ఎమ్మా హేల్ అనే యువతిని, ఆమె తండ్రికి ఇష్టం లేకపోయినా, పెండ్లాడాడు. రేకుల మీద రాత అంటూ అతడు చెబుతుంటే ఇతరులు రాసుకున్నారు. మార్టిన్ హారిస్ అనే రైతు తన పొలం తాకట్టు పెట్టి అచ్చు ఖర్చుకు పూచీపడ్డాడు. 1830 మార్చిలో మోర్మన్ గ్రంథం 5,000 ప్రతులు వెలువడింది. రేకులను చూశామని పదకొండు మంది సంతకం చేశారు. ఆ రేకులను దేవదూత తిరిగి తీసుకుపోయాడని జోసెఫ్ చెప్పాడు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న సంఘం ఏర్పడింది.

ఆ తరువాత పద్నాలుగేళ్ళు అతడు పడిన కష్టాలు సామాన్యమైనవి కావు. ఒహాయోలో 1832లో ఒక రాత్రి మూక ఇంట్లో జొరబడి, బయటకు ఈడ్చి, ఒంటికి తారు పూసి ఈకలు అంటించింది. మిస్సోరీ గవర్నరు 1838లో మోర్మనులను నిర్మూలించాలని లేదా రాష్ట్రం నుండి తరిమివేయాలని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ రోజుల్లోనే హాన్స్ మిల్ అనే చోట 17 మందిని చంపారు. ఆ ఉత్తర్వు కాగితం మీద 1976 వరకు రద్దు కాలేదు. వారిలో చాలామంది క్రీస్తు పేరు చెప్పుకునేవారి చేతుల్లోనే దెబ్బలు తిన్నారన్న సంగతి మనం మరువరాదు.

ఇల్లినాయిలో మిసిసిపి నది ఒడ్డున నావూ పట్టణం కట్టి జోసెఫ్ దానికి మేయరయ్యాడు, సైన్యానికి అధిపతి అయ్యాడు. 1844లో దేశాధ్యక్ష పదవికి కూడా నిలబడ్డాడు. అక్కడే రహస్యంగా అనేకులను వివాహమాడాడు. వారి సంఖ్య 30కి పైనేనని ఆ సంఘమే 2014లో ఒప్పుకుంది. ఎమ్మా పడిన క్షోభ ఎంతటిదో మన ఇండ్లలోని స్త్రీలు ఊహించగలరు. 1844 ఏప్రిల్‌లో చేసిన ప్రసంగంలో దేవుడు ఒకప్పుడు మనిషేనని, మనిషి కూడా దేవుడు కాగలడని బోధించాడు. జూన్‌లో, విడిపోయిన అనుచరులు కొందరు ఒక పత్రిక పెట్టి ఈ సంగతులు బయటపెట్టారు. మేయరుగా అతడు ఆ ముద్రణాలయాన్ని ధ్వంసం చేయించాడు. దానితో కార్తేజ్ జైలుకు వెళ్ళాడు. జూన్ 27న మూక జైలు మీద పడి అతడినీ, అన్న హైరమునూ కాల్చి చంపింది. జోసెఫుకు అప్పుడు 38 ఏళ్ళు. నేరం మోపబడిన ఐదుగురినీ 1845లో కోర్టు విడిచిపెట్టింది.

1847లో బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో పెద్ద గుంపు యూటాకు చేరుకుంది. బహుభార్యత్వాన్ని ఆ సంఘం 1890లో విడనాడింది. తెలుగువారిలోకి అది 1978లో వచ్చింది. సమోవా దీవుల్లో ఆ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు ఆ ఏడాది హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. 22 మంది చేరారు. 1982లో మోర్మన్ గ్రంథ భాగాలు తెలుగులో అచ్చయ్యాయి. అనువదించినది ఎల్సీ తండ్రి, బాప్తిస్టు పాస్టరు.

ఇక మనం దేన్ని తూచాలి? జోసెఫ్ నమ్మి చచ్చిపోయాడు, కనుక అది నిజమేనని కొందరంటారు. ప్రాణం పెట్టడం మనిషి పట్టుదలకు సాక్ష్యం, చెప్పిన సంగతికి కాదు. నిజాయితీ మనిషిలో ఉంటుంది. నిజం ఉన్న సంగతిలో ఉంటుంది. ప్రార్థిస్తే గుండెలో వెచ్చదనం కలుగుతుంది, అదే రుజువని వారు చెబుతారు. ఆ అనుభూతిని నేను ఎగతాళి చేయను. కాని పరస్పరం విరుద్ధమైన మతాలవారికి కూడా అది కలుగుతుంది కదా! దేవుడు మనకు గుండెతో పాటు బుద్ధిని కూడా ఇచ్చాడు. ఆ గ్రంథం ప్రాచీన అమెరికాలో గుర్రాలు, ఉక్కు ఉన్నాయంటుంది. స్పెయిను వారు తెచ్చేవరకు ఆ కాలపు మనుషులకు అక్కడ గుర్రాలు లేవని పురావస్తు శాస్త్రం చెబుతుంది. అబ్రహాము రాతలని జోసెఫ్ చెప్పిన ఈజిప్టు పత్రాల ముక్కలు 1967లో బయటపడితే, అవి శవసంస్కార పత్రాలని పండితులు తేల్చారు.

మీలో ఒకరు నన్నడగవచ్చు. లూర్దులో బెర్నదెత్తకు కూడా పధ్నాలుగేళ్ళే కదా, ఆమెను నమ్మి ఇతడినెందుకు నమ్మరు అని. మంచి ప్రశ్న. బెర్నదెత్త పుట్టినది జోసెఫ్ చనిపోయిన 1844లోనే. 1858లో ఆమె చెప్పినదాన్ని మేత్రాణులు నాలుగేళ్ళు విచారించారు. అయినా లూర్దు దర్శనాలను నమ్మితీరాలని శ్రీసభ ఎవరినీ నిర్బంధించదు. అవి విశ్వాస సంగ్రహానికి ఒక్క మాట కూడా చేర్చలేదు. జోసెఫ్ చెప్పినది వేరు. అపోస్తలుల తరువాత శ్రీసభ పూర్తిగా భ్రష్టమైపోయిందని, తన ద్వారానే తిరిగి నెలకొన్నదని అతడు బోధించాడు. అది నిజమైతే, లోకాంతం వరకు తోడుంటానని క్రీస్తునాథుడు చేసిన వాగ్దానం పదిహేడు వందల ఏళ్ళు ఏమైనట్లు?

మన కొత్తవలస స్టేషన్‌లో నిలబడి చూడండి. విజయనగరం వెళ్ళే పట్టాలు, అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే పట్టాలు పక్కపక్కనే కనిపిస్తాయి. పెట్టెలూ ఒకేలా ఉంటాయి. కొంతదూరం పోతేగాని దారులు వేరని తెలియదు. మాటలూ అంతే. వారూ మనమూ పిత, పుత్ర, పవిత్రాత్మ అంటాము. మనకు వారు ఒకే సర్వేశ్వరుడు, త్రిత్వైకుడు. వారికి ముగ్గురు వేర్వేరు దేవవ్యక్తులు, తండ్రికి కూడా మాంసము, ఎముకలు గల శరీరమున్నది. అందుకే 2001 జూన్‌లో రోము విశ్వాస సిద్ధాంత శాఖ, జాన్ పాల్ జగద్గురువుల ఆమోదంతో, ఆ సంఘపు జ్ఞానస్నానం చెల్లదని తీర్పు చెప్పింది. బాప్తిస్టు, లూథరన్ సోదరుల జ్ఞానస్నానం సక్రమంగా ఇస్తే మనం అంగీకరిస్తాము. దీన్ని అంగీకరించము.

కనుక ఆ తల్లికి నేను చెప్పినది ఇది. ఈ పెండ్లికి ముందు మేత్రాణుల వారి మినహాయింపు తప్పనిసరి. అది లేకుండా జరిగితే శ్రీసభ దృష్టిలో వివాహం చెల్లదు. ఆ అమ్మాయి ఎప్పుడైనా కతోలిక విశ్వాసాన్ని కోరుకుంటే జ్ఞానస్నానం మొదటి నుండి పొందాలి. ఇది ఆమెకు అవమానం కాదు. ఆమె భక్తిని, ఆమె తల్లిదండ్రుల మద్యం ముట్టని క్రమశిక్షణను, వారి కుటుంబ ప్రేమను గౌరవించు అన్నాను. వారికి మోర్మనులన్న పేరు ఇప్పుడు ఇష్టం లేదు, కడవరి దిన పరిశుద్ధుల సంఘమని పిలువు అన్నాను. 2019లో వారి అధ్యక్షుడిని ఫ్రాన్సిస్ జగద్గురువులు వతికానులో ఆదరంగా కలుసుకున్నారు. అయినా 2001 తీర్పు మారలేదు. గౌరవానికి, సత్యానికి మధ్య తగవు లేదు.

చివరికి ఆ తల్లి, మా వాడికే త్రిత్వమంటే సరిగా తెలియదు ఫాదరుగారూ, ఆ పిల్లకేం చెబుతాడు అన్నది. నాకు జవాబు దొరకలేదు. ఆ కుర్రవాడికి సత్యోపదేశం చెప్పినది నా విచారణే. ప్రియ పాఠకులారా, మీ ఇంటి పిల్లలను ఈ రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు అడిగి చూడండి.