జార్జ్ నాగెల్‌మాకర్స్

జార్జ్ నాగెల్‌మాకర్స్ (జూన్ 24, 1845 - జూలై 10, 1905) బెల్జియం దేశానికి చెందిన ఇంజనీరు, వ్యాపారవేత్త. ఐరోపాలో దేశాల సరిహద్దులు దాటి నడిచే పడక రైళ్ళకు ఇతడే ఆద్యుడు. ఫ్రెంచి భాషలో పడక పెట్టెలు అనే అర్థం వచ్చే వాగాన్-లీ అనే అంతర్జాతీయ సంస్థను స్థాపించాడు. ప్రసిద్ధి చెందిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైలును ప్రారంభించినది ఈ సంస్థే.

కుటుంబం, విద్య

నాగెల్‌మాకర్స్ బెల్జియంలోని లియేజ్ నగరంలో జన్మించాడు. వీరి కుటుంబం 1747 నుండి బ్యాంకు నడిపిన సంపన్న కుటుంబం. బెల్జియం రాజవంశంతో వీరికి సన్నిహిత సంబంధాలు ఉండేవి. నాగెల్‌మాకర్స్ ఇంజనీరింగు విద్యను అభ్యసించాడు. యువకుడిగా ఉన్నప్పుడు తనకంటే వయసులో పెద్దదైన బంధువుల యువతిని ప్రేమించి విఫలుడయ్యాడు. ఆ బాధను మరచిపోవడానికి కుటుంబ సభ్యులు అతడిని 1867లో అమెరికాకు పంపారు.

అమెరికా పర్యటన

అమెరికాలో అతడు జార్జ్ పుల్‌మన్ తయారుచేసిన పడక పెట్టెలలో ప్రయాణించాడు. పగటి ఆసనాలను రాత్రివేళ పడకలుగా మార్చే ఏర్పాటు వాటిలో ఉండేది. పుల్‌మన్ పెట్టెలు వేర్వేరు రైల్వే కంపెనీల పట్టాల మీద నడిచేవి కనుక ప్రయాణికులు దారిలో పెట్టె మారవలసిన అవసరం తగ్గింది. అయితే పడకలు పొడవైన ఒకే గదిలో నడవకు ఇరువైపులా ఉండి, వాటికి తెరలు మాత్రమే అడ్డంగా ఉండేవి. ఐరోపా ప్రయాణికులు దీనికి అంగీకరించరనీ, తలుపులు గల చిన్న గదులు కావాలనీ నాగెల్‌మాకర్స్ భావించాడు.

ఆ కాలంలో ఐరోపాలో దూర ప్రయాణం చాలా కష్టంగా ఉండేది. ఒక్కొక్క దేశంలో అనేక రైల్వే కంపెనీలు ఉండేవి. సరిహద్దు వద్ద ప్రయాణికులు అర్ధరాత్రి అయినా సామాన్లతో దిగి, తనిఖీ ముగించుకొని, మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. సాధారణ పెట్టెలలో పడకలు గాని, మరుగుదొడ్లు గాని ఉండేవి కావు.

తొలి ప్రయత్నాలు

స్వదేశానికి తిరిగి వచ్చిన తరువాత నాగెల్‌మాకర్స్ 1870లో తన ప్రణాళికను ఒక చిన్న పుస్తకంగా ప్రచురించాడు. అదే సంవత్సరం జూలైలో ఫ్రాన్స్, ప్రష్యాల మధ్య యుద్ధం మొదలవడంతో అది ముందుకు సాగలేదు. యుద్ధం వల్ల ఇంగ్లండు నుండి భారతదేశానికి వచ్చే తపాలా ఫ్రాన్స్‌ను తప్పించి, జర్మనీ, బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీలోని బ్రిండిసి రేవుకు చేరేది. అక్కడి నుండి ఓడలలో బొంబాయికి వెళ్ళేది. ఈ మార్గంలో తన పెట్టెలను నడపాలని నాగెల్‌మాకర్స్ ప్రయత్నించాడు. అయితే 1871లో ఆల్ప్స్ పర్వతాల కింద మాంట్ సెనిస్ సొరంగం తెరుచుకోవడంతో తపాలా మళ్ళీ ఫ్రాన్స్ మార్గానికి మారింది. ఆ అవకాశమూ చేజారింది.

1872లో లియేజ్‌లో తన మొదటి కంపెనీని స్థాపించాడు. తొలి పెట్టెలు రెండు ఇరుసులు గల చిన్నవి. పెట్టుబడి చాలకపోవడం, రైల్వే కంపెనీలు సందేహించడం వల్ల నష్టాలు వచ్చాయి. అప్పుడు అమెరికాకు చెందిన కర్నల్ విలియం డాల్టన్ మాన్ భాగస్వామిగా చేరాడు. 1876లో మాన్ వాటాను కొనివేసి, నాగెల్‌మాకర్స్ బ్రస్సెల్స్‌లో వాగాన్-లీ సంస్థను నెలకొల్పాడు. దీనికి బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ మద్దతు లభించింది.

సంస్థ పనిచేసిన విధానం

నాగెల్‌మాకర్స్ ఒక్క మైలు పట్టాలు కూడా వేయలేదు. ఇంజన్లు, పట్టాలు ఆయా రైల్వేలవి. పెట్టెలు, వాటిలోని సిబ్బంది, భోజనం మాత్రం సంస్థవి. ప్రయాణికుడు రైల్వేకు మొదటి తరగతి టికెట్టు ధర చెల్లించి, పడకకు అదనపు రుసుమును సంస్థకు ఇచ్చేవాడు. రైల్వేలకు కొత్త పెట్టెల ఖర్చు లేకుండానే ప్రయాణికులు లభించేవారు. ప్రతి రైల్వేతోనూ వేరువేరుగా ఒప్పందం చేసుకోవలసి రావడమే ఇందులోని కష్టం. ఒక్కరు నిరాకరించినా మార్గం తెగిపోయేది.

పెట్టెల నిర్మాణం కూడా క్రమంగా మారింది. రెండు ఇరుసుల పెట్టెల స్థానంలో, రెండు చివరలా మలుపుకు అనుగుణంగా తిరిగే చక్రాల చట్రాలు గల పొడవైన పెట్టెలు వచ్చాయి. కుదుపు తగ్గింది. బోగీ అనే పేరు అసలు ఈ చట్రానిదే. తెలుగులో పెట్టె మొత్తాన్నీ బోగీ అనడం వాడుక అయింది.

ఓరియంట్ ఎక్స్‌ప్రెస్

1882 అక్టోబరు 10న ప్యారిస్ నుండి వియన్నాకు ప్రయోగాత్మకంగా ఒక రైలు నడిపారు. మరుసటి సంవత్సరం జూన్ 5న ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రాకపోకలు మొదలయ్యాయి. అధికారిక ప్రారంభోత్సవం 1883 అక్టోబరు 4న ప్యారిస్‌లో జరిగింది. రచయిత ఎడ్మండ్ అబూ, ద టైమ్స్ విలేఖరి బ్లోవిట్జ్ ఆ రైలులో అతిథులుగా ప్రయాణించి, తమ అనుభవాలను గ్రంథస్థం చేశారు.

ఆ రోజులలో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) వరకు నేరుగా పట్టాలు లేవు. రైలు మ్యూనిక్, వియన్నా, బుడాపెస్ట్, బుకారెస్ట్ మీదుగా గియుర్గియు చేరేది. ప్రయాణికులు డాన్యూబ్ నదిని పడవలో దాటి, రూసే వద్ద మరొక రైలెక్కి వర్నా రేవుకు వెళ్ళేవారు. అక్కడి నుండి నల్ల సముద్రం మీద ఓడ ప్రయాణం. బెల్‌గ్రేడ్, సోఫియాల మీదుగా మార్గం పూర్తయిన తరువాత 1889లో నేరుగా రైలు నడిచింది. 1891లో టర్కీ ప్రాంతంలో దోపిడీ దొంగలు ఈ రైలును పట్టాలు తప్పించి, కొందరు ప్రయాణికులను బందీలుగా తీసుకువెళ్ళారు. డబ్బు చెల్లించిన తరువాత వారిని విడుదల చేశారు.

ఇతర రైళ్ళు

1887లో ప్యారిస్ - లిస్బన్ మార్గంలో సుద్ ఎక్స్‌ప్రెస్, 1896లో ప్యారిస్ - సెయింట్ పీటర్స్‌బర్గ్ మార్గంలో నార్డ్ ఎక్స్‌ప్రెస్ మొదలయ్యాయి. ఈ రెండింటినీ కలిపి రష్యా నుండి పోర్చుగల్ వరకు ఒకే ప్రయాణంగా చేయాలని నాగెల్‌మాకర్స్ ఆశించాడు. పట్టాల వెడల్పు దీనికి ఆటంకమైంది. ఐరోపాలో అధిక భాగం 1435 మి.మీ. వెడల్పు కాగా, రష్యాలో 1524 మి.మీ. ఉండేది. స్పెయిన్ పట్టాలు అంతకంటే వెడల్పైనవి. ఈ సరిహద్దుల వద్ద ప్రయాణికులు దిగి మరొక రైలు ఎక్కక తప్పలేదు.

భారతదేశానికి ఓడ ఎక్కే ప్రయాణికుల కొరకు 1890లో కలే నుండి బ్రిండిసికి పెనిన్సులర్ ఎక్స్‌ప్రెస్ ప్రారంభమైంది. ఇరవై సంవత్సరాల క్రితం విఫలమైన ఆలోచన ఈ విధంగా నెరవేరింది. ప్రయాణికుల వసతికై సంస్థ హోటళ్ళను కూడా నడిపింది. కాన్‌స్టాంటినోపుల్‌లోని పేరా ప్యాలెస్ వాటిలో ప్రసిద్ధమైనది. 1900 నాటి ప్యారిస్ ప్రదర్శనలో ట్రాన్స్-సైబీరియన్ మార్గపు పెట్టెలను సంస్థ ప్రదర్శించింది.

మరణం, తరువాతి కాలం

నాగెల్‌మాకర్స్ 1905 జూలై 10న ఫ్రాన్స్‌లోని విల్‌ప్రూలో తన 60వ ఏట మరణించాడు. ఇతడు నెలకొల్పిన వ్యవస్థ దేశాల మధ్య శాంతి మీద ఆధారపడినది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో సరిహద్దులు మూతపడి ఈ రైళ్ళు నిలిచిపోయాయి. 1918 నవంబరు 11న యుద్ధ విరమణ ఒప్పందం మీద సంతకాలు జరిగినది వాగాన్-లీ సంస్థకు చెందిన 2419 సంఖ్య గల భోజన పెట్టెలోనే.

1922 నుండి టేకు పెట్టెల స్థానంలో నీలం రంగు ఉక్కు పెట్టెలు వచ్చాయి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత విమాన ప్రయాణం పెరగడంతో ఈ రైళ్ళకు ఆదరణ తగ్గింది. ప్యారిస్ - ఇస్తాంబుల్ నేరు రైలు 1977 మే నెలలో ఆగిపోయింది. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ పేరుతో మిగిలిన చివరి సాధారణ రైలు కూడా 2009 డిసెంబరులో రద్దయింది.

ఈ రైళ్ళు ధనవంతులకే అందుబాటులో ఉండేవన్న విమర్శ ఉంది. అయినా ఒక దేశంలో ఎక్కిన పెట్టెలోనే మరొక దేశంలో దిగవచ్చుననే ఏర్పాటు, ప్రభుత్వాల మధ్య పొత్తు లేని రోజులలో ఐరోపాలో సాధ్యమైనది ప్రధానంగా ఇతడి ఒప్పందాల వల్లనే.