లేహ్ లోయలో దిగిన వైమానికుడు

శ్రీకాకుళం సీమవారికి ఉన్నతమైన కొండ అనగానే మందస వైపునుండి కనబడే మహేంద్రగిరి తలపునకు వస్తుంది. దాని శిఖరం దాదాపు 5 వేల అడుగుల ఎత్తు. లదాఖులోని లేహ్ పట్టణం ఉన్నది లోయలోనే. అయినా ఆ లోయ నేలయే సముద్రమట్టానికి 11,500 అడుగుల పైన ఉన్నది. మహేంద్రగిరిపై మరొక మహేంద్రగిరిని నిలిపినా దానిని అందుకోలేదు. 1948 మే 24వ తేదీన ఆ లోయలో మొట్టమొదట విమానాన్ని దింపినవారు ఎయిర్ కమొడోర్ మెహర్‌సింగ్. తోటివారికి ఆయన మెహర్ బాబా.

ఆయన 1915లో లయల్‌పూరులో జన్మించి, ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ పొంది, 1936లో భారత వైమానిక దళంలో చేరారు. వాయవ్య సరిహద్దు కనుమలలో ఒకమారు గుండు తగిలి విమానం నేలకూలగా, చీకటిలో కాలినడకన శత్రువుల కన్నుగప్పి శిబిరం చేరారు. 1942 డిసెంబరులో తిరుచిరాపల్లిలో ఏర్పడిన 6వ స్క్వాడ్రన్‌కు నాయకుడై, బర్మా రంగంలో చేసిన సేవకు 1944లో డి.ఎస్.ఓ. బిరుదు పొందారు. భారత వైమానిక దళంలో ఆ గౌరవం మరెవరికీ దక్కలేదు.

1947లో కాశ్మీరు యుద్ధం వచ్చింది. శత్రువులు చుట్టుముట్టిన పూంఛ్ పట్టణంలో సైనికులతో పాటు వేలాది శరణార్థులు చిక్కుకున్నారు. తిండిగింజలైనా, మందుగుండైనా ఆకాశమార్గాన రావలసిందే. శరణార్థులు కూడ చేయివేసి చదునుచేసిన చిన్న మైదానంలో ఆ డిసెంబరులో మెహర్‌సింగ్ డకోటాను దింపారు. అటుపిమ్మట నూనెదీపాల వెలుతురున రాత్రివేళ సైతం దిగారు.

లేహ్ సంగతి వేరు. అక్కడి ప్రమాదం కంటికి కనబడదు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రతీరంలోని దానిలో సుమారు 70 పాళ్లు మాత్రమే. పలుచని గాలిలో ఇంజను శక్తి తగ్గుతుంది. రెక్కలకు కావలసిన ఆధారం దొరకాలంటే విమానం దాదాపు అయిదోవంతు ఎక్కువ వేగంతో నేలను తాకాలి. అందువల్ల ఆగడానికి పట్టే దూరమూ పెరుగుతుంది. మధ్యాహ్నం కాగానే లోయలో గాలులు రేగుతాయి. పైగా డకోటాలో లోపలి గాలి ఒత్తిడిని నిలిపే ఏర్పాటు లేదు. దారికి సరియైన పటాలు లేవు. ఇంజనీరు సోనమ్ నోర్బు స్థానికుల సాయంతో సింధునది చేరువన సిద్ధంచేసిన ఇసుక నేలపై అంతకుముందు ఏ విమానమూ దిగి ఎరుగదు. మెహర్‌సింగ్ ఈ పనికి మరొకరిని పంపక తామే చుక్కాని పట్టారు. సేనాపతి తిమ్మయ్య ఆయన వెంట కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరి ధైర్యం ఎక్కువో చెప్పడం కష్టం! విమానం క్షేమంగా దిగింది. జూన్ నుండి గూర్ఖా సైనికులు అదే దారిన వచ్చి చేరారు. లేహ్ శత్రువుల చేత పడలేదు.

ఆ సంవత్సరమే మెహర్‌సింగ్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. ముప్పదిమూడేండ్ల వయస్సులో అటువంటి వైమానికుని దళం పోగొట్టుకోవడం విచారకరమే. 1950లో ఆయనకు మహావీరచక్రం ప్రదానమైంది.

1952 మార్చిలో ఒక రాత్రి బొనాంజా అనే చిన్న విమానాన్ని తామే నడుపుకొంటూ జమ్ము నుండి ఢిల్లీకి బయలుదేరారు. దారిలో ఉరుముల గాలివాన చుట్టుకొన్నది. విమానం కూలిపోయింది. అప్పటికి ఆయనకు 37 ఏండ్లు నిండలేదు.